మణెమ్మ మెచ్చిన నవల

“అబ్బా, ఇంకొక్కరు తప్పు పట్టుకొని వచ్చిన్రంటే దుకాణం బంద్. ముందే చెప్తున్న,” తండ్రితో అన్నాడు తౌఫీక్.

ఇమామ్ సాహెబ్ సూదిలోకి దారం ఎక్కించడానికి తంటాలు పడుతున్నాడు. గద్వాల పాత బస్టాండు దగ్గర ఆ బైండింగు దుకాణం తప్ప ఆయనకు వేరే లోకం తెలియదు. ఇంట్లో కూర్చోమంటే పిచ్చెక్కిపోతుంది. కానీ కళ్లు మసకబారిన మాట నిజమే. మొన్న ఒక బడి రిజిస్టరును తలకిందులుగా కుట్టాడు. ఆ వెంటనే అంతకన్నా పెద్ద తప్పు చేశాడు.

ఆత్మకూరు నర్సు మణెమ్మ వారపత్రికల్లో వచ్చే సీరియళ్లు చింపి దాచి, ఆయన దగ్గరే పుస్తకాలుగా కుట్టించుకుంటుంది. అన్నీ సువర్ణమాల రాసిన రాజుల కాలపు ప్రేమకథలే. ఈసారి రెండు కథలు ఇచ్చింది. రెండింటికీ బొమ్మలు వేసింది ఒక్కరే కావడంతో ఏ రాచకన్యను చూసినా అవే కళ్లు, అదే జడ. తెలుగు అంతగా చదవలేని ఇమామ్ సాహెబ్ బొమ్మల్ని నమ్ముకుని, ఒక కథ ముందు సగానికి రెండో కథ వెనక సగం కుట్టి ఇచ్చేశాడు. మిగిలిన కాగితాలు చదివి చూసిన తౌఫీక్ తల పట్టుకున్నాడు. అవి ఇప్పుడు ఇమామ్ సాహెబ్ కూర్చున్న బొంత కిందున్నాయి.

“ఏంది తౌఫీక్, దుకాణం బంద్ అంటున్నవ్? బజార్లకు వినవడ్తుంది!”

గుమ్మంలో మణెమ్మ. చేతిలో ఆ ఎర్ర అట్ట పుస్తకమే. ఇమామ్ సాహెబ్ బొంత అంచును కాళ్ల కిందికి లాక్కున్నాడు.

“అబ్బాకు కండ్లు సరిగ కనవడ్తలేవక్కా,” గొణిగాడు తౌఫీక్.

మణెమ్మ పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది. “చాచా, సువర్ణమాల రాసినవన్ని సదివిన. గిసుంటిది ఇంకోటి లేదు.”

“ఏ... ఏమైంది బిడ్డా?”

“హంసిని ఉన్నది గద, యువరాణి. కోటల బంధిస్తే ఏడ్సుకుంట కూసుంటది. ఒక్క కాయితం తిప్పితే, కనకాంబ అని పేరు మార్సుకొని, కత్తి పట్టుకొని, పుట్టి ఎక్కి కృష్ణ దాటుతది!”

“పేరెందుకు మార్సుకున్నదో రాసిందా?” భయంభయంగా అడిగాడు ఇమామ్ సాహెబ్.

“అన్ని రాయాల్నా? దుష్మన్లకు దొరకొద్దని మార్సుకున్నది. గంత తెల్వదా?”

“అవునవును.”

“బొమ్మలు గీసేటోన్ని ప్రేమించింది గద, వాడు మల్ల కనవడనే కనవడడు. మంచిగైంది, వట్టి పిరికోడు. ఎనక ఒక సర్దారు వస్తడు. ఆయన్నే చేసుకున్నది.”

తౌఫీక్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

“సువర్ణమాలకు ఒకటే బీమారి చాచా. కోటలు, చీరెలు కండ్లకు కట్టినట్టు రాస్తది. ఆఖరికొచ్చేసరికి ఎవర్నో ఒకర్ని సంపుతది. పొద్దంత దవాఖానల సూసేది సాలదా? ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే గూడ పీనుగలేనా? గీ ఒక్కటి సదివే నవ్వుకుంట పండుకున్న.”

ఇమామ్ సాహెబ్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. వారం వారం చదవకుండా, కుట్టించాకే చదువుతుంది కాబోలు! అల్లా దయ, బయటపడ్డాడు.

“రెండోది ఇంక కాలేదు బిడ్డా,” అన్నాడు, బొంత మీద కాస్త సర్దుకుని.

“దాని తొందర లేదు. నువ్వు మా దవాఖానకు రా, కండ్లు సూపిస్త. దుకాణం మాత్రం బంద్ వెట్టకు. తౌఫీక్, నీకే చెప్తున్న!”

“లేదక్కా, ఎందుకు వెడ్తం? కూసో, చాయ్ తెస్త,” అన్నాడు తౌఫీక్. ఇమామ్ సాహెబ్‌కు నవ్వు ఆగలేదు. ఎన్నాళ్లకో గుండె తేలికైంది.

మణెమ్మ సంచిలోంచి దారంతో కట్టిన కొత్త సీరియల్ కాగితాలు తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

“దీంట్ల గూడ యువరాణి సస్తది చాచా, జర సూస్కో.”