బటను వదలండి

తుఫాను వెళ్లిన మర్నాడు అమలాపురంలో ఫోన్లన్నీ చచ్చిపోయాయి. ఏలీయా మాస్టారి హామ్ రేడియో, అదే ఇంట్లో పెట్టుకున్న వైర్‌లెస్ సెట్టు, ఒక్కటే కారు బ్యాటరీ మీద పనిచేస్తోంది. కబురు పంపడానికొచ్చిన ప్రతివాళ్లకీ ఆయన ఒకటే చెబుతున్నాడు:

"మాట్లాడేక మైకు బటను వదిలెయ్యండమ్మా. నొక్కి ఉంచితే అవతలోళ్ల మాట వినబడదు. బ్యాటరీ కూడా అయిపోద్ది."

అందరి వంతూ అయ్యాక, మామిడికుదురు పుట్టింట్లో రెండో సెట్టుతో ఉన్న భార్యను పిలిచాడు.

"ఎలీసమ్మా! ఉన్నావా? పలుకు! ప్రభువా, పలకదే!"

ఉలుకూ పలుకూ లేదు. ఆయన ఏడుస్తూ పిలుస్తూనే ఉన్నాడు.

పక్కనే నిలబడ్డ ముసలావిడ ఆయన వేళ్లు విడదీసింది. "బటను వదలండి బాబూ."

సెట్టులోంచి ఎలీసమ్మ గొంతు వచ్చింది: "...ఇందాకట్నుంచీ చెబుతూనే ఉన్నానండీ! ఇల్లు పడిపోయింది. నీళ్లు ఎక్కేస్తున్నాయి, పడవ పంపండి. మేమిప్పుడు..."

బ్యాటరీ అయిపోయింది.