దొరసాని వేషం

"దాని బొట్టు మీద సెయ్యేసినావంటే బాగోదు పిల్లా, ముందే సెప్తన్నాను!"

సుహాసిని చెయ్యి దేవి నుదుటికి జానెడు దూరంలో ఆగిపోయింది. అరిచింది దేవి అత్తగారు లక్ష్మణమ్మ. నాటకంలో వేషం కట్టే కోడలికి తోడుగా భావనపాడు నుంచి వచ్చి, పొద్దుటినుంచీ మేకప్ గదిలో ఓ మూల బల్ల మీద కూర్చుని ఉంది. ఇంతసేపూ నోరు విప్పలేదు. విప్పితే ఇదీ సంగతి.

"బొట్టుంటే దెయ్యం కాదమ్మా. ఈమె ఇంగ్లీషు దొరసాని దెయ్యం," అంది సుహాసిని.

"ఏ దేశపు దెయ్యమైతే నాకేటి? దాని పెనిమిటి వేటకెల్లి నాలుగు రోజులైనాది. ఆడు ఒడ్డుకి సేరీదాకా ఇది బొట్టు సెరపకూడదు, ముడి ఇప్పకూడదు. మా ఇల్లల్లో అంతే."

"నాటకమే కదా అత్తా," అని గొణిగింది దేవి.

"సముద్రానికి తెలుస్తాదేటే, నాటకమని?"

సుహాసిని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎనిమిదేళ్ళుగా విజయనగరంలో పెళ్ళికూతుళ్ళను రెండు ఛాయలు తెల్లగా చేసి పంపడమే ఆమె పని. ఆ పనంటే విసుగు పుట్టి చాలా కాలమైంది. ఇవాళ ఈ కాలేజీ నాటక పోటీలకు హైదరాబాదు నుంచి వచ్చిన జడ్జి టీవీ సీరియళ్ళ మేకప్ చీఫ్. మేకప్‌లో మొదటి బహుమతి వచ్చినవాళ్ళను తన బృందంలో చేర్చుకుంటానని మైకులో చెప్పాడు కూడా. రెండొందల ఏళ్ళ కిందటి గోతిక్ వేషం, అంటే పాతకోటల దెయ్యాల కథల్లోని వేషం, ఎలా ఉంటుందో సుహాసిని పది రోజులు వీడియోలు చూసి నేర్చుకుంది. తీగచట్రం మీద ఎత్తుగా కట్టిన జుట్టు, అందులోంచి నడుం దాకా జారిన పాయలు, గుంటలు పడ్డ కళ్ళు. సరంజామా అంతా సిద్ధం. నుదురూ జుట్టూ మాత్రం దొరకడం లేదు.

ఇంగ్లీషు లెక్చరర్ జగన్నాధం గడియారం చూసుకుంటూ లోపలికొచ్చాడు. విషయం విని, లక్ష్మణమ్మకు నచ్చజెప్పబోయాడు.

"ఇది పెద్ద నవలలోంచి తీసిన నాటకమమ్మా. దొరసాని మొగుడు ఓడెక్కి వెళ్ళి తిరిగి రాలేదు. ఆవిడ చచ్చిపోయి కూడా జుట్టు విరబోసుకుని కోట కిటికీ దగ్గర ఎదురుచూస్తూనే ఉంటుంది."

"జుట్టు ఇరబోసుకుని కూకుంటే ఎలగొస్తాడు మరి? అందుకే రానేదు," అంది లక్ష్మణమ్మ.

పాతికేళ్ళుగా సాహిత్యం చెబుతున్నా జగన్నాధం ఆ నవలను ఎప్పుడూ అలా చదవలేదు. మిగతా ఆడపిల్లలందరికీ వేరే వేషాలున్నాయి. దెయ్యం లేకపోతే నాటకమే లేదు. సుహాసిని తీగచట్రాన్ని సంచిలో పెట్టేయబోయింది.

"ఆ దెయ్యానికి మాటలున్నాయేటి?" అని అడిగింది లక్ష్మణమ్మ.

"లేవు. దీపం పట్టుకుని కిటికీ దాకా రావాలి, సముద్రంకేసి చూడాలి, వెనక్కి వెళ్ళాలి. మూడుసార్లు."

"అంతేనా? అయితే నాను సేస్తాను. నాకు బొట్టు నేదు, సెరిపీదీ నేదు. ఆయన ఎల్లి పద్దెనిమిదేళ్ళైనాది. తెప్ప దొరికినాది, మనిషి దొరకనేదు."

సుహాసిని చేతిలోని తీగచట్రాన్ని కింద పెట్టి అడిగింది.

"మరి మీ అబ్బాయి సముద్రం మీద ఉన్నాడు కదమ్మా?"

"కట్టుబాటు పెల్లానికే. తల్లికి నేదు."

నాటకంలో విద్యార్థులే వేషం కట్టాలని రూలు. జగన్నాధం మళ్ళీ గడియారం చూశాడు.

"దెయ్యాన్ని ఐడీ కార్డు ఎవడడుగుతాడు? కానివ్వండి," అన్నాడు.

సుహాసిని గౌనిచ్చి, నడుం దగ్గర వదులు చేయించుకు రమ్మని దేవిని టైలరు దగ్గరికి పంపింది. లక్ష్మణమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ముడి విప్పింది. నెరిసిన జుట్టు నడుం దాటింది. దేవి తిరిగొచ్చేసరికి కుర్చీలో దొరసాని ఉంది. కోడలు రెండడుగులు వెనక్కి వేసింది.

తెర లేచింది. కిటికీ అవతల సముద్రమంటే నీలం గుడ్డ, దాని కింద ఒక టేబుల్ ఫ్యాను. లక్ష్మణమ్మ దీపంతో వచ్చి చూసి వెళ్ళింది. మళ్ళీ వచ్చి చూసి వెళ్ళింది. మూడోసారి వచ్చి, ఇక వెళ్ళలేదు. ఆ నీలం గుడ్డకేసి చూస్తూ నిలబడిపోయింది. తెర లాగేవాడు చాలాసేపు చూసి, చేసేదిలేక తెర దించాడు. హాల్లో వేరుశనక్కాయలు ఒలిచే చప్పుడు కూడా ఆగిపోయింది.

జడ్జి స్టేజీ మీదికి వచ్చాడు.

"జుట్టు అద్భుతం. ఆ కాలం నుంచి లేచొచ్చినట్టే ఉంది. కానీ కళ్ళకింద నలుపు మరీ పులిమేశారు. నుదుటి మీద గీతలూ అంతే. నిజంగా మొగుడి కోసం ఎదురుచూసే ఆడదాని ముఖం అలా ఉండదు. ఈ అమ్మాయి సహజత్వం నేర్చుకోవాలి. రెండో బహుమతి."

సుహాసిని స్టీలు పళ్ళెం అందుకుని, నేర్చుకుంటానండీ అన్నట్టు తలూపింది. హైదరాబాదు చెయ్యి జారిపోయినందుకు ఏడుపొచ్చింది. దాన్ని దిగమింగి మేకప్ గదికి వచ్చింది.

అక్కడ దేవి అప్పటికే అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, వేలికి కొబ్బరినూనె అద్దుకుని ఆమె కళ్ళకింద రుద్దుతోంది. ఒకసారి రుద్దింది. చూసుకుని, ఇంకాస్త నూనె వేసి గట్టిగా రుద్దింది.

"ఏటి రాసినావక్కా, ఎంత తుడిసినా రాదు?"

సుహాసిని పళ్ళెం పక్కన పెట్టి, దేవి చెయ్యి పట్టుకుని ఆపింది.

"వదిలేయ్ దేవీ, రాదు. నేను ముట్టుకున్నది జుట్టొక్కటే."