ముల్లుకి సెలవు

"స్క్రూడ్రైవరు మీద సెయ్యేసేవంటే ఊరుకోను సిలకమ్మా," అన్నాడు గురునాథరావు, దేవుడి పటానికీ ఆమెకీ మధ్య అడ్డంగా నిలబడి.

ఆ రోజు విశ్వకర్మ పూజ. కంచరపాలెంలో వర్క్‌షాపు కార్మికుల పందిరి కింద సుత్తులు, స్పానర్లు, రంపాలు, స్క్రూడ్రైవర్లు ఒళ్లు కడిగించుకుని, కుంకుమబొట్లు పెట్టించుకుని పటం ముందు కొలువుదీరాయి. ఏడాది పొడుగునా చాకిరీ చేసిన పనిముట్టుకి ఆ ఒక్కరోజే సెలవు. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. కట్టుబాటు తాతల నాటిదే గాని, దానికి కావలి మాత్రం సంఘం ప్రెసిడెంటు గురునాథరావే.

చిక్కల్లా మైకుసెట్టుతో వచ్చింది. పొద్దుటినుంచీ హాయిగా పాడుతున్న రికార్డు ప్లేయరు ఉన్నట్టుండి మేకలా అరవడం మొదలెట్టింది. ప్లేయరు చెయ్యి చివర ముల్లుని పట్టి ఉంచే కార్ట్రిడ్జికి మరలు వదులై, అదికాస్తా ఓ పక్కకి తిరిగిపోయింది. ముల్లు రికార్డు గాట్లో ఒరిగి నడుస్తోంది. దేవుడి పాట కాస్తా చెట్టుకి కట్టిన బాకాల్లోంచి బుసలు కొడుతూ వస్తోంది.

సెట్టు తవిటయ్యది. అతను కాలు విరిగి మంచాన పడితే, పెళ్లాం చిలకమ్మ సామాను రిక్షాలో వేసుకొచ్చి, బాకాలు కట్టించి, తనే ప్లేయరు ముందు కూర్చుంది. ఆడది మైకుసెట్టు నడపడమేమిటని గురునాథరావుకి పొద్దున్నే ఒంటికి కారం రాసుకున్నట్టయింది. ఇవాళ పాట చెడిందో, ఇక ఈ పేటలో ఏ పందిరికీ ఆమెని పిలవనివ్వనని పదిమందిలో అనేశాడు కూడా. అన్నాక కూడా ఆమె కదల్లేదు. అదే ఆయనకి మరీ కష్టంగా ఉంది.

స్క్రూడ్రైవరు ఇవ్వకపోతే మానె అన్నట్టు చిలకమ్మ పుస్తెలతాడుకి వేలాడుతున్న పిన్నీసుల్లోంచి ఒకటి ఊడదీసింది. ప్లేయరు ఆపి, ముందుకి వంగి, రికార్డు నల్లటి నిగనిగలో ముల్లునీ దాని నీడనీ చూసుకుంటూ, రెండూ ఒక్క గీతలోకి వచ్చేలా కార్ట్రిడ్జిని గోటితో జరపసాగింది.

"ఏటి సేత్తన్నావు?"

"తిన్నగా ఎడతన్నాను బాబూ."

"దాంతో మర తిప్పేవంటే అదీ పనిముట్టే. తియ్యి."

చిలకమ్మ తల ఎత్తలేదు. "పుస్తెల పక్కన ఉండీది పనిముట్టెలాగవుద్ది బాబూ? అలగయితే పొద్దున్నే అమ్మగారి మెళ్లోవి కూడా ఇప్పించి దేవుడి కాడ ఎట్టీసేరేటి?"

పందిరి కింద నవ్వులు లేచాయి. గురునాథరావుకి ఒళ్లు మండిపోయింది. ఆమెతో మాటేమిటని జనం వైపు తిరిగి, కట్టుబాటు అంటే ఏమిటో గట్టిగా అందుకున్నాడు. ఇనుమైనా ఇత్తడైనా పిన్నీసైనా, పని చేసేది ఏదైనా పనిముట్టేనన్నాడు. ఇవాళ ఒకరికి సడలిస్తే రేపు ఇంకొకరు సుత్తి పట్టుకుపోతారన్నాడు. అందరూ నవ్వు మింగి తలలూపేదాకా వదిలిపెట్టలేదు.

ఇటు తిరిగేసరికి చిలకమ్మ పిన్నీసు మళ్లీ తాడుకి తగిలించుకుని, ప్లేయరు మీద తువ్వాలు కప్పేసి, చేతులు కట్టుకుని కూర్చుంది.

"మీరు సెప్పిందే నాయం బాబూ," అంది. "ఈ ముల్లు సేసినంత సాకిరీ ఇయ్యాల ఎవులూ సెయ్యనేదు. దీనికీ సెలవిచ్చీసినాను."

గెలిచాననే అనుకున్నాడు గురునాథరావు. పాట లేకపోతే కొంపలేం మునగవు. ఆయనకి కావలసింది తన ఉపన్యాసం. ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన పెద్ద ఇంజినీరు ముఖ్య అతిథి. జీపు రానే వచ్చింది. అతిథి మెళ్లో దండ వేసి, కుర్చీలో కూర్చోబెట్టి, మైకు ముందుకి వెళ్లి గొంతు సవరించుకున్నాడు. బాకాల్లో ఉలుకూ లేదు, పలుకూ లేదు. వేలితో తట్టి చూశాడు. ఊదాడు.

"సిలకమ్మా, మైకు పలకడం నేదు."

"పలకదు బాబూ. అదీ పనిముట్టే గదా. రేపు ఉద్వాసన సెప్పీదాకా మరి ముట్టుకోడానికి నేదు."

ఈసారి ఎవరూ నవ్వు దాచుకోలేదు. గురునాథరావు పంతానికి పోయి ఉత్తగొంతుతోనే మొదలెట్టాడు. ఖనిజం మోసుకుని హార్బరుకి పోయే గూడ్సు సరిగ్గా అప్పుడే పక్క లైన్లో బయల్దేరింది. పెట్టె వెనక పెట్టె పోతూనే ఉంది. వెనక వరసలవాళ్లు వినబడ్డం లేదని చేతులు తిప్పారు. అతిథి వాచీ చూసుకున్నాడు.

గురునాథరావు దిగొచ్చి చిలకమ్మని మెల్లిగా బతిమాలాడు. మైకు ఒక్కటీ పెట్టమన్నాడు. గద్దించాడు, మళ్లీ బతిమాలాడు. చిలకమ్మ గొంతు పెంచలేదు, చేతులు విప్పలేదు.

"దేవుడి పాట ఆపీసిన పందిట్లో మడిసి మాట ఎలాగ పలుకుద్ది బాబూ? ముందు ముల్లు పాడాల. తరవాతే మీరు."

అతిథి కుర్చీలోంచి సగం లేచాడు. ఇక గురునాథరావుకి దారి లేకపోయింది. పందిరంతా చూస్తుండగా పటం దగ్గరికి నడిచి, లెంపలు వేసుకుని, బొట్టు పెట్టిన స్క్రూడ్రైవరు తన చేత్తోనే తీశాడు. తెచ్చి ఆమె ముందు పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని, "బేగి కానియ్యి," అన్నాడు.

చిలకమ్మ స్క్రూడ్రైవరుని కళ్లకద్దుకుంది. లేచి వెళ్లి, తీసినచోటే పెట్టేసి వచ్చింది. తువ్వాలు తీసి, స్విచ్చి వేసి, ముల్లుని రికార్డు మీద దించింది. దేవుడి పాట ఎక్కడా బుసన్నది లేకుండా తేటగా మొదలైంది.

తెల్లబోయి చూస్తున్న గురునాథరావుతో అంది. "మీరు అటు తిరిగి కట్టుబాటు సెప్తన్నప్పుడే బిగించీసినాను బాబూ."