మూడు డబ్బాలు

"నీ చేతి నీళ్ళు కూడా ఇంక నా మొగుడి నోట్లోకి పోకూడదు వదినా, చెప్తుండా!"

నెల్లూరు ఆస్పత్రి వరండాలో నలుగురూ వింటుండగానే అనేసింది సుల్తానా. ఆడపడుచు చేతిలోని గంజి క్యారియర్ లాక్కుని బెంచీ కిందికి తోసింది. ఇంకొకరైతే ఆ మాటకి భగ్గుమనేవాళ్ళు, కనీసం కళ్ళనీళ్ళయినా పెట్టుకునేవాళ్ళు. చాంద్‌బీకి ఏమీ అనిపించలేదు. నాలుగు రోజులుగా ఆమెకి ఆకలీ లేదు, ఏడుపూ లేదు. మనసు మొద్దుబారిపోయింది.

లోపల మంచం మీద ఉన్నది ఆమె తమ్ముడు సైదులు. సూళ్లూరుపేట బజారులో మందుల షాపు అతనిదే. రెండు నెలల్లో ఆస్పత్రిలో చేరడం ఇది మూడోసారి. ఒకటే విరేచనాలు. మందిస్తే కట్టడం, పది రోజులకి మళ్ళీ తిరగబెట్టడం. ఈసారి మనిషి మంచానికి అంటుకుపోయాడు. ఇంట్లో వంట చాంద్‌బీది. ఇంకేం, నేరం రుజువైపోయింది!

"అమ్మా, అరవబాక" అన్నాడు సైదులు కొడుకు తౌసిఫ్. "మొన్న మన ముగ్గురికీ డబ్బాలిచ్చి దొడ్డికి పోయింది తెమ్మన్నారు గదా, అది దీనికే. ఎవరి కడుపులో పురుగుంటే వాళ్ళని లోపలికి పిలుస్తారు."

తండ్రి పడ్డాక షాపులో కూర్చుంటున్నది అతనే. మందుల షాపులో కూర్చున్నవాడికి తెలియని వైద్యం ఉంటుందా మరి!

"పిలిచేదేంది, తెలిసిందేగా! పేరు బయటపడినాక మా ఇంట్లో ఒక్క పూట కూడా ఉండేదానికి లేదు. బిట్రగుంటలో వాళ్ళ పిన్నమ్మ ఉందిగా, ఆడికే పోమను" అంది సుల్తానా, చాంద్‌బీ అక్కడే ఉన్నా లేనట్టు.

చాంద్‌బీ తన చేతులు చూసుకుంది. చేపలు కడిగినాక సబ్బు పెట్టి కడుక్కున్నదా, లేదా? కడుక్కున్నట్టే గుర్తు. రోజూ చేసే పని, ఏ రోజు ఎట్లా చేసిందో ఎవరికి గుర్తుంటుంది? తమ్ముడు తన చేతి కూడు తినే ఇట్టయిపోయినాడేమో అనుకుంది. అనుకున్నా గుండెలో ఏమీ కదల్లేదు. దానికే ఆమెకి భయమేసింది.

అద్దాల తలుపు తీసి నర్సు వాణి తల బయటపెట్టింది.

"చాంద్‌బీ ఎవరమ్మా? డబ్బాల రిపోర్టులొచ్చాయి. డాక్టరు గారు మిమ్మల్నే రమ్మంటున్నారు."

"నే చెప్పలా!" సుల్తానా నెత్తి కొట్టుకుంది. "అల్లా, పక్కలో పామును పెట్టుకుని తిరిగితిమి గదయ్యా!"

వరండాలో వాళ్ళంతా తిరిగి చూశారు. చాంద్‌బీ లేచింది.

"బిట్రగుంటకి బండి ఎన్నింటికో కనుక్కో అబ్బయా" అంది తౌసిఫ్‌తో, కూరలోకి ఉప్పడిగినంత మామూలుగా.

ఆమె వెనకే తల్లీ కొడుకులు కూడా గదిలోకి జొరబడ్డారు. డాక్టరు వినీల కాగితాలు తిరగేస్తోంది. కూర్చోమన్నా చాంద్‌బీ కూర్చోలేదు.

"నా చేతిలోనించే వచ్చుంటది డాక్టరమ్మా. కావాలని చేసింది కాదు. వాణ్ణి బతికించండి చాలు, నేను ఊరొదిలి పోతాను."

"మీరు పోతే ఆయన్ని నేనెట్లా బతికించాలి?" అంది డాక్టరు. "మీలో ఆ క్రిమి లేనే లేదు."

డాక్టరు సుల్తానా వైపు తిరిగింది.

"ఆ క్రిమి ఎక్కడ పడితే అక్కడ ఉంటుందమ్మా. చాలామంది పేగుల్లోకి పోతుంది, కిక్కురుమనకుండా పడి ఉంటుంది. ఎందుకంటే మన పేగుల్లో కోట్లకొద్దీ మంచి క్రిములున్నాయి. అవి దాన్ని తోక జాడించనియ్యవు. సైదులు గారు తుమ్మినా దగ్గినా షాపులోంచి ఒక యాంటీబయాటిక్ తీసి మింగారు. మంచివన్నీ చచ్చాయి. కాపలా లేని పేగులో ఇది ఒక్కటే మిగిలి విషం కక్కుతోంది. మందుకి అణుగుతుంది, మళ్ళీ లేస్తుంది."

"మరి దారేంది మేడమ్?" అన్నాడు తౌసిఫ్.

"ఆరోగ్యంగా ఉన్న మనిషి మలంలోంచి ఆ మంచి క్రిముల్ని తీసి, గొట్టంతో ఆయన పేగులోకి పంపాలి. మూడు డబ్బాలు తీసుకున్నది అందుకే."

"ఛీ! మలమా?" సుల్తానా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కొంగు తీసి, "నాది తీసుకోండి డాక్టరమ్మా. పెళ్ళాన్ని, నాదే తీసుకోండి" అంది.

"పనికిరాదు. పోయిన నెల గొంతునొప్పికి ఒక కోర్సు, అంతకుముందు పంటికి ఒకటి. డబ్బాతో ఇచ్చిన కాగితంలో మీరే రాశారు. మీ అబ్బాయిదీ అదే కథ, మొటిమలక్కూడా యాంటీబయాటిక్కే. మీ ఇద్దరి పేగులూ ఆయన పేగులాగే ఊడ్చిపెట్టుకుపోయాయి." డాక్టరు మూడో కాగితం పైకి తీసింది. "చాంద్‌బీ గారిది మాత్రం బంగారం. ఇట్లాంటిది ఈ మధ్య నేను చూడలేదు. ఆమెదే కావాలి, ఈ రోజే కావాలి."

చాంద్‌బీ మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

డాక్టరు ఆ కాగితం ఇంకోసారి చూసి కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఒక్క అనుమానమమ్మా. వాడిన మందులు అన్నచోట మీరేమీ రాయలేదు. మందుల షాపు వాళ్ళ ఇంట్లో ఇరవయ్యేళ్ళుగా ఉంటూ ఒక్క మాత్రా మింగలేదా? మీకసలు జ్వరమే రాదా?"

"రాకేమమ్మా, వస్తానే ఉంటది" అంది చాంద్‌బీ. "మాత్ర ఇచ్చినోళ్ళే లేరు."