పుస్తకంలో లేని మనిషి

ఎమ్మిగనూరులో ఆదోని బస్సెక్కిన సాదిక్, ఎవరూ పక్కన కూర్చోకుండా సీట్లో తన సంచి పెట్టుకున్నాడు.

తల నెరిసిన ఒకావిడ వచ్చి, ఆ సంచి తీసి తన ఒళ్లో పెట్టుకుని, దర్జాగా కూర్చుంది.

"పుస్తకం రాసిన సారువు నువ్వే కదప్పా?"

సాదిక్ ఆదోని కాలేజీలో ఫిలాసఫీ లెక్చరర్. అతని నవల మీద ఇప్పుడే ఎమ్మిగనూరు లైబ్రరీలో సభ జరిగింది. నవలలో ఒక డ్రైవరు లారీ కింద చిన్నపిల్ల పడి చనిపోతుంది. ఆ తర్వాత అతని మనసులో ఏం జరిగిందన్నదే కథంతా. మనిషి లోపలికి ఇంత లోతుగా దిగిన నవల ఈ మధ్య రాలేదని వక్తలు పొగిడారు. ఈమె వెనక వరసలో కూర్చుని ఉండడం అతనికి గుర్తొచ్చింది.

"నేనేనమ్మా. సంతకం కావాలా?"

"సంతకం నేనేం సేసుకోను. మా భీమన్న మనసులో అట్లుందని నీకెవరు సెప్పినారు?"



ఎప్పటిదో పేపరు వార్త చూసి రాసిన నవల అది. హాలహర్వి దగ్గరి పల్లె, పత్తి లోడు, ఆదోని మార్కెట్టు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచాడు. డ్రైవరు పేరొక్కటే మార్చాడు. ఆ ఊరు ఏ దిక్కున ఉందో కూడా చూడలేదు.

ఈమె కేసు గానీ వేస్తుందేమోనని భయపడ్డాడు.

"అది కల్పనమ్మా. మీవాడి గురించి కాదు."

"ఊరంతా వాడే అంటాంది. నీ పుస్తకం కాలేజీలో దొరికితే వాని కూతురు నందిని తెచ్చి సదివి వినిపించింది. వానికి సదువు రాదు."

"విని ఏమన్నాడు?" అడక్కుండా ఉండలేకపోయాడు సాదిక్.

"అంత సదువుకున్నోడు అబద్ధం రాస్తాడా అన్నాడు. తప్పు సేసినోనికి తోడుండేవాళ్లు ఉండరని రాసినావంట కదా, అదే పట్టుకున్నాడు. అన్నం ముందర కూసుంటాడు, తినడు. నన్ను సూస్తానే లేసి లోపలికి పోతాడు. ఇన్నేండ్లలో ఎప్పుడూ అట్ల సేయల్యా."

సాదిక్‌కు చిరాకేసింది.

"చేసిన పని ముందు ప్రతి మనిషీ ఒంటరివాడేనమ్మా. అది తత్వం. నేను కొత్తగా కనిపెట్టింది కాదు."

"ఒంటరోడు యాడున్నాడప్పా? ఆ పొద్దు బిడ్డను ఎత్తుకోని ఆస్పత్రికి ఉరికినాడు. ఆడ మెట్ల మీద కూసోని వణుకుతాంటే నీళ్లు తాపితే తాగినాడు. జైలు నుంచి వచ్చినంక పిల్సి బువ్వ పెడితే, ఏడ్సుకుంటానే తిన్నాడు. అవన్నీ వాని మనసులో ల్యావా? నీ పుస్తకంలో ఒక్కటీ ల్యాదే."

సాదిక్ కిటికీలోంచి బయటికి చూడసాగాడు. పత్తి ఏరేసిన చేలు వెనక్కి పోతున్నాయి.

"ఒక్కసారి రాప్పా," ఆమె గొంతు తగ్గించింది. "ఆదోనిలో దిగి అట్లే మా ఊరి బస్సెక్కుదాం. భీమన్నా, ఇది నువ్వు కాదు, నేను ఊరికే అనుకోని రాసిందని నీ నోటితో సెప్పు. నేను సెప్తే వింటా ల్యాడు."

"కాలేజీలో పరీక్షలమ్మా. అవి కానీ, చూద్దాం."

"అంత దాంకా వాడు నిలుస్తాడో ల్యాదో."

ఆమె సంచి అతని ఒళ్లో పెట్టేసింది.

అక్కో, పెద్దమ్మో అయ్యుంటుందనుకున్నాడు సాదిక్. అయినవాళ్లు వెనకేసుకు రావడం లోకంలో ఉన్నదే. ఆమె పేరు కూడా అడగలేదు. అవతల ఎవరూ లేకపోయినా ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు.

ఆదోనిలో దిగి ఆమె హాలహర్వి బస్సు వైపు ఒక్కతే నడిచింది.

ఆ రోజు నుంచి సాదిక్‌కు ఏ పనిలోనూ మనసు నిలవలేదు. క్లాసులో మాట మధ్యలో ఆగిపోయేవాడు. ఇంట్లో కూర్చోలేక లేచేవాడు, లేచి ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చునేవాడు. తన నవల తీసి, అందరూ మెచ్చుకున్న పేజీలే చదివాడు. పాపం గురించి ఉంది. చావు గురించి ఉంది. దేవుడి గురించీ ఉంది. దాహం వేసిన మనిషి మాత్రం ఎక్కడా లేడు. డ్రైవరు మనసు అనుకున్నచోటల్లా తన గొంతే పాఠం చెబుతోంది.

పరీక్షలు అయిపోయాయి. వెళ్లడానికి మొహం చెల్లక ఇంకా కొన్నాళ్లు జరిపాడు.

చివరికి ఒక ఉదయం హాలహర్వి బస్సెక్కాడు.

ఊళ్లో అడిగి వెళ్లేసరికి, భీమన్న ఇంటి ముందు ఒక అమ్మాయి పొయ్యిలోకి పత్తికట్టె విరుస్తోంది.

"నందినివేనా అమ్మా? నేను ఆ పుస్తకం రాసిన సాదిక్‌ను. నాన్న ఉన్నారా?"

ఆ అమ్మాయి కట్టె విరవడం ఆపింది.

"నాయన ఇల్లిడిసి పోయినాడు సార్. ఎవురికీ సెప్పల్యా."



"వెతికించారా?"

"అమ్మ మంచం పట్టింది. హులిగెమ్మ పెద్దమ్మే తిరుగుతాంది. బళ్లారి అంతా ఎతికొచ్చి, మళ్ల మంత్రాలయం దిక్కు పోయింది. వాణ్ని పిల్సుకొచ్చే దాంకా ఇంట్లో పొయ్యి ముట్టియ్యనని ఆమె ఇంటికి తాళమేసుకోని పోయింది."

"బస్సులో నాతో మాట్లాడింది ఆమేనా?"

"ఊఁ. మీ కాడికి పోయొస్తానని సెప్పే పోయింది."

"మీ నాన్నకు అక్కా?"

నందిని తల అడ్డంగా ఊపి, కట్టెపుల్ల కింద పెట్టింది.

"మాకేమీ కాదు సార్. నాయన లారీ కింద పడి సచ్చిపోయింది ఆ పెద్దమ్మ బిడ్డే."