కౌసల్య డ్యూటీ

"బొట్టు లేకుంటే ఎట్ల? కౌసల్యవు నువ్వు. పెట్టుకో." సూపరింటెండెంట్ లీలమ్మ అద్దానికి అతికించి ఉన్న బొట్టుబిళ్ల ఊడదీసి మెర్సీ నుదుట నొక్కింది.

"నాతోని కాదు మేడం. భయమైతాంది."

"జర సేపు నిలబడుడే గదా. ఏదీ, మళ్ల చెప్పు. నీ పేరేంది?"

"కౌసల్య. మూడేండ్ల సంది ఈడ ఆయాను."

"పిల్లలెంతమంది?"

"ముప్పై ఎనిమిది."

ఆ బాలికల సదనంలో కౌసల్య పని మానేసి ఎనిమిది నెలలైంది. రిజిస్టరులో మాత్రం ఒక్క రోజు నాగా లేకుండా డ్యూటీకి వస్తూనే ఉంది. కాగితం మీద ఆయాలు నలుగురు, నిజానికి మిగిలింది ఒక్కతే. అందుకని తనిఖీ ఉన్న రోజున చుట్టుపక్కల అంగన్‌వాడీల నుంచి ఆయాలను తెచ్చి నిలబెట్టడం అక్కడ మామూలైపోయింది. ఈసారి అది నార్కట్‌పల్లి అవతల ఏదో ఊళ్లో అంగన్‌వాడీ ఆయాగా చేసే మెర్సీ నెత్తిన పడింది. రానంటే ఉద్యోగం ఉండదని అంగన్‌వాడీల సూపర్‌వైజర్ బెదిరించింది. వచ్చి దొరికిపోతే పోయేదీ ఆ ఉద్యోగమే. ఇంట్లో పొయ్యి వెలిగేది దాని మీదనే.

పన్నెండు దాటాక జీపు వచ్చి ఆగింది. జిల్లా నుంచి ఈసారి తనిఖీకి వచ్చిన కొత్త మేడం దిగింది. మాట తక్కువ మనిషి. కళ్లజోడు మీది నుంచి ఒక్కొక్కరినీ చూస్తూ రిజిస్టరులో టిక్కులు పెడుతోంది. ఆ చూపు తన దగ్గర ఆగినప్పుడల్లా మెర్సీ తల వంచుకుంది. చెమటకు బొట్టుబిళ్ల జారుతోంది. తుడుచుకుంటున్నట్టు చెయ్యి పైకెత్తి దాన్ని మళ్లీ నొక్కుకుంది.

అన్నాల వేళ అయింది. పిల్లలు బారుగా కూర్చుని, చేతులు జోడించి ప్రార్థన చదివారు. చివరి మాట అయిపోగానే మెర్సీ నోట "ఆమెన్" అని వచ్చేసింది. ఊహ తెలిసినప్పటి నుంచీ అన్నం ముందు ఆ మాట అననిదే ముద్ద ముట్టని మనిషి. నాలుక కరుచుకుంది గానీ అప్పటికే ఆలస్యమైంది.

మేడం తల తిప్పింది. "నీ పేరేందమ్మా?"

"కౌ... కౌసల్య మేడం."

"ఎన్నేండ్ల నుంచి చేస్తున్నవ్?"

"మూడేండ్లు."

"మూడేండ్ల నుంచి ఉన్నవంటే పిల్లలందరూ తెలిసే ఉంటరు." మేడం ఒక ఫైలు తీసింది. "నిహారిక. తొమ్మిదేండ్లు. ఫిట్స్ ఉన్నయని రాసి ఉంది. ఈ పిల్ల ఎవరో చూపించు."

లీలమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. మెర్సీ ముప్పై ఎనిమిది ముఖాల వంకా చూసింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. అయిపోయింది, ఇక ఇంటికి పోవుడే అనుకుంది. పోలీసులను కూడా పిలుస్తారేమోనని భయపడింది.

అంతలో రెండో వరుసలోంచి రెండు జడల పిల్ల ఒకతి లేచి పరుగున వచ్చింది. మెర్సీ కొంగు పట్టుకుని, "ఆయమ్మా, నాకు చారు వెయ్యలే," అంది.

మేడం వంగింది. "నీ పేరేంది బిడ్డా?"

"నిహారిక."

"ఈమె ఎవరు?"

"మా కౌసల్య ఆయమ్మ."

"నీకు మందు ఎవరిస్తరు?"

"ఆయమ్మే ఏస్తది. పొద్దుగాల ఒకటి, రాత్రికొకటి."

"మరి ఇందాక ఆమెన్ అన్నదేంది?"

పిల్ల తడుముకోలేదు. "మా పిల్లలల్ల చర్చికి పోయేటోళ్లు ఉన్నరు గదా మేడం. వాళ్లతోని అంటది."

మేడం ఆ పిల్ల తల నిమిరి, రిజిస్టరులో టిక్కు పెట్టింది. సిబ్బంది సరిపడా ఉన్నారు, పిల్లలు చనువుగా ఉన్నారు అని రాసి సంతకం చేసింది. జీపు గేటు దాటేదాకా మెర్సీ పిల్లలకు చారు వడ్డిస్తూనే ఉంది.

జీపు పోయాక నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్న ఆ పిల్లను వెతుక్కుంటూ వెళ్లింది. కన్న బిడ్డ కూడా ఇంత ఆదుకోదేమో అనిపించి కళ్లు చెమర్చాయి. మోకాళ్ల మీద కూర్చుని దగ్గరికి తీసుకుంది.

"నువ్వు లేకుంటే నా బతుకు ఆగమైతుండె బిడ్డా. నేనెవరో తెల్వకున్నా నా కోసం గన్ని అబద్ధాలు చెప్పినవ్."

"ఏం గాదు ఆయమ్మా. మొదటిసారి నాక్కూడ గిట్లనే భయమైంది."

"నీకెందుకు భయం? నువ్వు ఈడి పిల్లవే గదా."

"కాదు. నా పేరు మనస్విని. మా హాస్టల్ నుంచి పొద్దుగాల ఆటోల తీస్కొచ్చిండ్రు. చీకటి పడకముందే మళ్ల దింపుతరు."

మెర్సీకి ఆ పిల్ల చెప్పినవన్నీ గుర్తొచ్చాయి. మందులు, రెండు పూటలు, ఫైల్లో రాసిన ఫిట్స్. పిల్ల భుజాలు పట్టుకుని అడిగింది.

"మరి నిహారిక ఏదే?"

పిల్ల నల్లా కట్టేసి, తడి చేతులు గౌనుకు తుడుచుకుంది.

"తెల్వదు. పోయిన రెండు తనిఖీలకు కూడ నేనే నిహారికను."