సొరబుర్రెడు తేట నీళ్లు

ఎండాకాలం వస్తే ఆ అడవికంతటికీ ఒక్కటే మడుగు. పెద్ద ఒళ్లున్నవాళ్లు ముందు, చిన్నవాళ్లు వెనక అని అక్కడో చట్టం. దున్నలు దిగి, తాగి, మధ్యాహ్నం దాకా పొర్లి వెళ్లాక గాని గాడిద చుక్కమ్మ వంతు వచ్చేది కాదు. అప్పటికి మిగిలేది పేడా బురదా. ఆ నీళ్లే తాగి ఆమె పిల్ల కడుపునొప్పితో గిలగిల కొట్టుకుని చచ్చిపోయింది.

మర్నాడు దున్నల పెద్ద గంగరాజు పరామర్శకొచ్చాడు. సొరబుర్ర నిండా తేట నీళ్లు ఆమె ముందు పెట్టించి, "ఊరుకో తల్లీ! ఇకమీదట ఏటా నీకో బుర్ర పంపిస్తాలే" అన్నాడు.

చుక్కమ్మ వెనక్కి తిరిగి ఒక్క తన్ను తన్నింది. బుర్ర పగిలి నీళ్లు నేలపాలయ్యాయి.

"నీ దానం ఎవరిక్కావాలి? చట్టం మార్చమని ఎన్ని ఎండాకాలాలు మొత్తుకున్నాను! ముందు అందరం తాగుదాం. తర్వాత మీరు పొద్దుగూకేదాకా పొర్లండి, ఎవరొద్దన్నారు?"

గంగరాజు తెల్లబోయాడు. "ఓస్, ఇంతేనా! అలా చేస్తే మాకు పోయేదేముంది? ఈపాటిదానికి ఇంత కోపమెందుకమ్మా?"

చుక్కమ్మ తన పిల్ల చచ్చిన చోటు వైపు చూసింది.

"మీకు పోయేదేమీ లేదు. అందుకేరా నాకింత కోపం!"